నెల్లూరులో కట్టిన తీగ

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలేసి అద్దంకి దారి పట్టాం. ముందు సీట్లో ముగ్గురం. బొలేరో పికప్ నడుపుతున్నది ముషీరాబాద్ మెకానిక్ భాయ్, మధ్యలో మా మేనల్లుడు, కిటికీ పక్కన నేను. వెనక ట్రాలీలో మావాడి బైకు, కేటీఎం ఆర్‌సీ 390. ముందు చక్రాన్ని క్యాబిన్‌కి ఆనించి, రెండు వైపులా బెల్టులు బిగించాడు భాయ్. అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు, సైడ్ స్టాండు ముందే ఊడదీసేశారు. టోల్‌గేటు దగ్గర చాయ్ అమ్మే కుర్రాడు దాన్ని చూసి, "యాక్సిడెంటా అన్నా?" అని జాలిపడ్డాడు.

నన్ను పంపింది మా అక్క. "వాడేదో రేసుకి పోతున్నాడంట. నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం" అంది. రేసు కాదమ్మా, ట్రాక్ డే, డబ్బు కట్టి మన బండి మనమే తిప్పుకుంటాం, గెలవడాలూ ఓడడాలూ ఉండవు అని వాడు ఎంత చెప్పినా అక్కకి రెండూ ఒకటే. రోడ్డు మీద నడిపేదాని కన్నా అక్కడ నడిపేదే నయం అని నాకు తెలుసు. ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు. కానీ ఆ ముక్క చెప్తే రోడ్డు మీద నడపడం కూడా మానిపిస్తుందని ఊరుకున్నాను.

నల్గొండ దాటాక మెట్ట చేలల్లో అక్కడక్కడా ఆముదం కనిపించింది. ఎర్ర కాడలు, చేతివేళ్ళలా చీలిన ఆకులు. భాయ్ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి చూపించాడు. "గిదే నూనె సార్, పాత రేసు బండ్లల్ల పోసేటోళ్ళు." నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లు ఆముదంతోనే తిరిగాయి. వేడెక్కినా ఆముదం లోహం మీద పొరగా నిలుస్తుంది, పెట్రోలుతో తేలిగ్గా కొట్టుకుపోదు. క్యాస్ట్రాల్ ఆర్ అనే రేసు నూనె దాంతో చేసిందే. దాని పొగ వాసన మరిచిపోలేమని పాత రేసుగాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజిన్లో జిగురుగా పేరుకుపోవడం దాని దుర్గుణం. ఇప్పటి ఫోర్‌స్ట్రోక్ బండ్లలో సింథటిక్ నూనె అడుగున సంపులో ఉండి తిరుగుతూ ఉంటుంది. మావాడి బండిలో లీటరున్నర చుట్టూ పడుతుంది. ఆ లీటరున్నరను ఇంజిన్లోనే ఉంచడం ఎలా అన్న ప్రశ్నే మమ్మల్ని తిన్నగా ట్రాక్ ఉన్న మద్రాసు పోనివ్వకుండా నెల్లూరులో ఆపింది.

పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము, మేదరమెట్ల దగ్గర కలిసిన పెద్ద హైవే, ఒంగోలు దాటాక రొయ్యల చెరువుల మీద గిరగిరా తిరిగే ఏరేటర్లు, వీటన్నిటినీ కిటికీలోంచి చూస్తూ పోయాం. నెల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. మూలాపేటలో మావాడి స్నేహితుడి తాతగారి ఇల్లు. ఆయన ఎయిర్‌ఫోర్సులో ఇంజిన్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రాత్రి పెట్టిన చేపల పులుసు సంగతి నేను రాయను. దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు.

"ఏందబ్బాయ్, తీగ కట్టేదానికి ఇంత దూరం వస్తిరా?" అంటూనే వరండాలో ట్యూబ్‌లైటు కింద గోనెపట్టా పరిపించారాయన. భాయ్ బండిని వెనక స్టాండు మీద నిలబెట్టి, కింది ఫెయిరింగ్ విప్పాడు. తీగ దూరడానికి బోల్టులకి రంధ్రాలు వేసే పని హైదరాబాదులోనే అయిపోయింది. అసలు కష్టమంతా అందులోనే ఉంది. ఇంజిన్ అడుగున నూనె దించే డ్రెయిన్ బోల్టు తల ఆరు పలకలుగా ఉంటుంది. ఒక పలక మీద మొదలుపెట్టి, మూలను ఏటవాలుగా తొలుచుకుంటూ పక్క పలకలోంచి బయటికి రావాలి. రంధ్రం ఒకటిన్నర మిల్లీమీటరు. ముందు సెంటర్ పంచ్‌తో గుంట పెట్టకపోతే బిట్టు జారిపోతుంది. నూనె చుక్కలు వేస్తూ, నిమ్మళంగా, మధ్యమధ్య వెనక్కి తీస్తూ పోకపోతే లోపల విరిగిపోతుంది. విరిగిన ముక్క బోల్టులో ఇరుక్కుంటే ఆ బోల్టుకి దణ్ణం పెట్టి కొత్తది కొనుక్కోవడమే. భాయ్ షాపులో బల్ల మీద అలాంటి సన్న బిట్ల శవాలు చాలానే చూశాను. రంధ్రం అంచులు పదునుగా మిగిలితే తీగనే కోసేస్తాయి కాబట్టి చివర్న పెద్ద బిట్టుతో అంచులు గీకాలి.

తాతగారు తీగ ఉండ తెచ్చారు. స్టెయిన్‌లెస్ స్టీలు, 0.8 మిల్లీమీటర్ల మందం. విమానాల వాళ్ళ లెక్కలో అంగుళంలో వెయ్యింట 32 వంతులు. దాంతోపాటు ఒక వింత పట్టకారు. మూతి తాళం పడుతుంది, తోక పట్టుకు లాగితే మొత్తం గిర్రున తిరుగుతూ రెండు పోగుల్నీ పేనుతుంది. రిటైరయ్యాక సొంత డబ్బుతో కొన్నదట. "సర్కారుది కాదు" అని అడక్కుండానే చెప్పారు.

మా భాయ్ ఒక పక్క, మావాడు ఒక పక్క కూర్చుంటే ఆయన మొదట తీగ ముట్టుకోలేదు. టార్కు పానా అడిగారు. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వేశారా, కంపెనీ చెప్పినంత బిగించారా అని వాకబు చేసి, తనే మళ్ళీ ఒకసారి చూశారు. ఆ తర్వాతే తీగ.

"ఇది బిగించదబ్బాయ్. అది గుర్తు పెట్టుకో. బోల్టు లూజైతే అయితది, దాన్ని తీగ ఆపలేదు. పలుపు ఎద్దు చేత దున్నిస్తదా? పక్కోడి చేలో పడకుండా చూస్తది. అంతే."

ఈ మాట నాకు కొత్త. తీగ కట్టాక బోల్టు కదలనే కదలదని అనుకునేవాణ్ణి. మామూలుగా బోల్టును పట్టి ఉంచేది దాని సాగుడు. బిగించినప్పుడు అది కాస్త సాగి, తిరిగి దగ్గరవ్వాలని లాగుతూ, రెండు ముక్కల్నీ నొక్కి పెడుతుంది. అడ్డంగా వచ్చే అదురు ఆ పట్టును ఎలా తినేస్తుందో, బోల్టు తనంతట తానే ఎలా తిరుగుతుందో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో పరీక్షలు పెట్టి చూపించాడు. బోల్టులు వదులవడాన్ని కొలిచే పరీక్షకి ఇవాళ్టికీ ఆయన పేరే. మావాడి బండిది ఒంటి సిలిండరు, అంటే అదురు ఎక్కువ. ట్రాక్ మీద దాన్ని ఎప్పుడూ మీటర్లో ఎర్ర గీత దగ్గరే తిప్పుతారు. పైగా ఇంజిన్ పెట్టె అల్యూమినియం, బోల్టు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడెక్కడం, చల్లారడం రోజంతా జరుగుతూనే ఉంటుంది.

తీగ పని ఆ తర్వాతది. వదులైన బోల్టు ఊడి పడకుండా చూడడం.

తాతగారు తీగను రంధ్రంలోంచి పోనిచ్చి, తల చుట్టూ తిప్పి, రెండు కొసల్నీ పట్టకారుతో పేనారు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు. తక్కువైతే అదురుకి పోగులు ఒరుసుకుంటాయి, ఎక్కువైతే తీగ పెళుసుబారి తెగుతుంది. పేనిన తీగను దగ్గర్లో ఉన్న ఇంజిన్ బోల్టుకి తీసుకెళ్ళి కట్టారు. కొస దగ్గర మూడు నాలుగు మెలికలు ఉంచి కత్తిరించి, చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచారు. ఇదంతా చూస్తే రావచ్చు. రానిది దిక్కు. బోల్టు కుడికి తిరిగితే బిగుస్తుంది, ఎడమకి తిరిగితే వదులవుతుంది. కాబట్టి తీగ తలను ఎప్పుడూ కుడికే లాగుతుండాలి. ఎడమకి తిరగబోతే తీగ మరింత బిర్రవ్వాలి. రెండు బోల్టుల్ని ఒకదానికొకటి కడితే తీగ మధ్యలో ఇంగ్లీషు ఎస్ అక్షరంలా అడ్డంగా దాటుతుంది. తిరగేసి కట్టామా, చూపుకి ముచ్చటగానే ఉంటుంది, కానీ బోల్టు ఊడేదాకా అది అలా చూస్తూనే ఉంటుంది.

ఆయిల్ ఫిల్టరు మూతకున్న రెండు బోల్టులకీ అలాగే. నూనె పోసే మూత ప్లాస్టిక్‌ది. దాని పిడికి సన్న రంధ్రం వేసి క్లచ్ కవరు బోల్టుకి కట్టారు. డబ్బాలాంటి ఫిల్టరు మరతో బిగించే బండ్లకి రంధ్రం వేసే చోటే ఉండదు. అప్పుడు దాని నడుముకి హోస్ క్లిప్ ఒకటి బిగించి, తీగను ఆ క్లిప్పుకి కడతారట. ఆయిల్ కూలరు ఉన్న బండ్లకి గొట్టాల చివర్న బంజో బోల్టులు. వాటిలోంచి నూనె ఒత్తిడితో పోతుంటుంది కాబట్టి వాటినీ వదలకూడదు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎమ్ రేసు నియమాల్లో ఇదంతా ఉంది. డ్రెయిన్ ప్లగ్గులన్నీ, నూనె ఉన్న గదిలోకి వెళ్ళే బయటి ఫిల్టరు బోల్టులన్నీ తీగతో కట్టి ఉండాలి. అంతటితో వదలరు. కింది ఫెయిరింగ్ తొట్టిలా ఉండి, ఇంజిన్ పగిలితే నూనెలోనూ చల్లార్చే నీళ్ళలోనూ కనీసం సగం పట్టి ఉంచాలి. ఆ తొట్టికి అడుగున ఉండే రంధ్రాన్ని పొడి రోజు మూసి ఉంచాలి, వాన రోజు తెరవాలి. రేడియేటర్లో జారిపోయే గ్లైకాల్ కూలెంటు పనికిరాదు. ఒక బండిలోంచి కారే ప్రతి ద్రవం గురించీ ఎవరో కూర్చుని ఆలోచించారు.

"విమానానికి కట్టినోడు నేల మీదుంటాడు, ఎగిరేవోడు ఇంకొకడు" అన్నారు తాతగారు చేతులు తుడుచుకుంటూ. "కట్టినోడు సంతకం పెట్టాల. ఇంకొకడొచ్చి వేలితో తాకి చూసి వాడూ సంతకం పెట్టాల. మీకేంది, కట్టేదీ నువ్వే, తోలేదీ నువ్వే."

మావాడు నవ్వాడు. "లేదు తాతా. నా బోల్టు ఊడితే పడేది నా వెనకోడు."

పెద్దాయన దానికేమీ అనలేదు. మూత తీగను తెంచేసి వాడి చేత మళ్ళీ కట్టించారు. తెంచిన తీగను మళ్ళీ వాడకూడదంటూ ముక్కల్ని డబ్బాలో వేసుకున్నారు. నేల మీద ఒక్క ముక్క కూడా మిగలనివ్వలేదు. ఎయిర్‌ఫోర్సు అలవాటు.

మావాడన్నది మర్నాడు నాయుడుపేట దాకా బుర్రలో తిరుగుతూనే ఉంది. మన రోడ్ల మీద నూనె చుక్కలు తక్కువా? ప్రతి సిగ్నలు దగ్గరా నల్లటి మరక ఉంటుంది. దాని మీద ఎవరో ఒకరి చక్రం పడుతుంది, చాలామందివి పడవు. ఎవడి దారి వాడిది. ట్రాక్ మీద అలా కాదు. వేగంగా పోవడానికి ప్రతి మలుపులోనూ ఒకే ఒక గీత ఉంటుంది. అందరూ ఆ గీత మీదే, జానెడు తేడాతో, బండిని నేల మీదికి వాల్చి పోతారు. ఒకడు కార్చింది అందరి దారిలోనూ పడ్డట్టే. అసలు మొదట తడిసేది కార్చినవాడి వెనక టైరే, ఎందుకంటే డ్రెయిన్ బోల్టు సరిగ్గా దాని ముందే ఉంటుంది.

సూళ్ళూరుపేటలో ఇడ్లీలు తిన్నాం. శ్రీహరికోట దారి ఎడమకి చీలిపోయింది. తడ దాటితే తమిళ బోర్డులు మొదలవుతాయి, కానీ ఆరంబాక్కం, గుమ్మిడిపూండి హోటళ్ళలో తెలుగు ఇంకా నడుస్తూనే ఉంటుంది. చోళవరం దగ్గర నేను బండి ఆపమన్నాను. చెరువు చూద్దామని. కండలేరు నుంచి తెలుగు గంగ కాలవ కృష్ణ నీళ్ళను పూండికి చేరుస్తుంది. అక్కణ్ణుంచి చోళవరం, రెడ్ హిల్స్ చెరువుల మీదుగా ఆ నీళ్ళు మద్రాసు కుళాయిల్లోకి పోతాయి. కుర్రాళ్ళిద్దరికీ (భాయ్ కూడా నాకు కుర్రాడే) నీళ్ళ మీద ఆసక్తి లేదు. వాళ్ళు అడిగింది అక్కడి విమానాల రన్‌వే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన ఎయిర్‌స్ట్రిప్ అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు ఆ కాంక్రీటు మీదే రేసులు నడిపింది. కోయంబత్తూరు కరివర్ధన్, గోండల్ మహారాజు లాంటివాళ్ళు కార్లు తోలింది అక్కడే. సరిహద్దు నుంచి ఇంత దగ్గర కాబట్టి నెల్లూరు వైపు నుంచి జనం బస్సెక్కి చూడ్డానికి పోయేవాళ్ళని తాతగారు రాత్రి చెప్పారు. అప్పటి బండ్లు చాలామటుకు టూస్ట్రోక్‌లు. వాటి ఇంజిన్ నూనె పెట్రోలుతోపాటే మండిపోతుంది, కింద పడడానికి గేరుబాక్సులో ఉన్న కాస్తే. విమానాలు దిగే చోట బండ్లు తోలుతూ, విమానాల తీగను బండ్లకి కట్టుకున్నారా అని అడగాలనిపించింది, కానీ పెద్దాయన వెనక నెల్లూరులో ఉండిపోయారు.

ఔటర్ రింగ్ రోడ్డెక్కి నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవేలో దిగితే ఇరుంగాట్టుకోట్టై ఎంతో దూరం లేదు. శ్రీపెరంబుదూర్ పరిశ్రమల వాడ. ఒక పక్క హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ, దాని పొరుగున 3.717 కిలోమీటర్ల ట్రాకు. చోళవరం రన్‌వే మీద రేసులాడిన ఆ క్లబ్బే దీన్ని కట్టింది. 1990 నుంచి రేసులు ఇక్కడే. ఎమ్‌ఎమ్‌ఆర్‌టీ అని అందరి నోటా నానిన ట్రాకుకి ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు పెట్టారు. పన్నెండు మలుపులు. సీ వన్, సీ టూ అని అంకెలతోనే పిలుచుకుంటారు.

బండి పరీక్ష దగ్గర ఒక తమిళాయన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి కిందికి చూశాడు. డ్రెయిన్ బోల్టు తీగను చూపుడు వేలితో మీటాడు. అచ్చం తాతగారు చెప్పినట్టే. భాయ్ నా వైపు గర్వంగా చూశాడు, అది తను కట్టింది కాకపోయినా. రేసుల్లో ఇది తప్పనిసరి. ట్రాక్ డేలకి వచ్చే రోడ్డు బండ్లలో మాత్రం తీగ కట్టినవి తక్కువే కనిపించాయి. దీన్ని నేను ఒప్పుకోను. రేసుకి వచ్చేవాడికి కనీసం అనుభవం ఉంటుంది. ఇక్కడ మొదటిసారి వాల్చేవాడు కూడా అదే గీత మీద పోతాడు.

ఉదయం తరగతిలో జెండాలు చెప్పారు. పసుపు, ఎరుపు నిలువు చారలున్న జెండా చూపితే ముందు రోడ్డు జారుతుందని అర్థం. పక్కన కూర్చున్న నేను మోంజా గురించి ఆలోచిస్తున్నాను. 1973 మే 20, ఇటలీ. 250 సీసీ రేసు మొదటి చుట్టులోనే, కుర్వా గ్రాండే మలుపులో, రెంజో పాసొలీని పడ్డాడు. అతని వెంట వస్తున్న ఫిన్లండ్ రేసుగాడు యార్నో సారినెన్, అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, తప్పుకోలేకపోయాడు. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. అంతకు ముందు జరిగిన 350 రేసులో వాల్టర్ విల్లా బెనెల్లీ కార్చిన నూనెను తుడవలేదని చాలామంది అన్నారు. కాదు, పాసొలీని ఇంజిన్ పట్టేసిందని ఇంకొందరు. ఆ వాదన తెగలేదు. కానీ నూనె కారుతున్న బండిని చుట్లు తిరగనివ్వడం, తుడవకుండా తర్వాతి రేసు మొదలుపెట్టడం, ఈ రెండింటినీ నేను సమర్థించలేను. మా అక్కకి ఈ కథ చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం ఎండలో ఎర్ర జెండాలు పడ్డాయి. మావాడు గ్యారేజీలోనే ఉన్నాడు, అదృష్టం. ఎవరో బెంగళూరు అబ్బాయి బండికి నూనె పోసే మూత ఊడి ఎటో ఎగిరిపోయింది. బండి నూనె చిమ్ముతూ రెండు మలుపులు దాటాక గానీ అతనికి తెలియలేదు. తన కాలికి వేడిగా తగిలి చూసుకున్నాడట. అతని వెనక వస్తున్న ఇద్దరు పడ్డారు. ఒకతనికి మణికట్టు బెణికింది, రెండో అతను లేచి దులుపుకున్నాడు. మార్షళ్ళు సిమెంటు బస్తాలు మోసుకెళ్ళి, గీత పొడవునా పొడి చల్లి, చీపుళ్ళతో రుద్ది, ఎత్తి, మళ్ళీ చల్లారు. చాలాసేపు పట్టింది. ఎండలో ఒక పెద్ద వయసు మార్షల్ ఊడుస్తుంటే, కట్టిన సొమ్ముకి సెషన్లు పోతున్నాయని చల్లటి గ్యారేజీలో కూర్చుని సణిగిన వాళ్ళనూ చూశాను.

ఆ అబ్బాయి బండిని తోసుకుంటూ వచ్చాడు. కుడి బూటు మోకాలి దాకా నల్లగా మెరుస్తోంది. పడిన ఇద్దరి దగ్గరికీ వెళ్ళి ఏదో చెప్పాడు, వాళ్ళు భుజం తట్టారు. మూత బిగించే పెట్టానని, పొద్దున్నే చూసుకున్నానని అందరితోనూ అంటున్నాడు. అందులో అబద్ధమేమీ లేదనిపించింది నాకు. అదురుకి పొద్దున ఎంత బిగించారన్నది గుర్తుండదు.

భాయ్ మాత్రం అతని బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. క్లచ్ కవరు మీద ఏ బోల్టు దగ్గరో చూశాడు. ఎక్కడినుంచో ఒక కొత్త మూత దొరికింది. ఎవరో అరువిచ్చారు. దాని పిడికి రంధ్రం వేయడానికి చేతి డ్రిల్లు మా పికప్‌లోనే ఉంది. ప్లాస్టిక్ కాబట్టి క్షణంలో అయింది. తాతగారు దారి ఖర్చుగా ఇచ్చిన తీగ ఉండలోంచి మూరెడు కత్తిరించి, మామూలు పట్టకారుతో సహా ఆ అబ్బాయి చేతిలోనే పెట్టాడు.

"తుమ్ బాంధో భాయ్. ఎట్ల చేయాల్నో మా వోడు చెప్తడు."

మావాడు వంగి, మూత బిగిసే దిక్కు వేలితో గీసి చూపించాడు. అతను పెదవి కొరుక్కుంటూ పేనాడు. మెలికలు బాగానే వచ్చాయి, ఒకటే తీరుగా. కానీ తీగ మూతను ఎడమకి లాగుతోంది. భాయ్ ఏమీ అనకుండా దాన్ని కత్తిరించి జేబులో వేసుకుని, ఇంకో మూర కొలిచాడు.